ఇంట్లో అచ్చు వేస్తే చేతిపని కాదా?

“ప్రింటవుట్లు అంటించిన కార్డులను పోటీకి తీసుకోం.” బెంగళూరులో బడుల్లోనూ, అపార్ట్‌మెంట్ల సంక్రాంతి, ఉగాది సంబరాల్లోనూ పిల్లలకు గ్రీటింగ్ కార్డుల పోటీ పెడితే ఈ నిబంధన తరచూ కనిపిస్తుంది. పోటీ లేనిచోట ఇదే మాట వేరే రూపంలో వినిపిస్తుంది. ఎవరైనా తాము చేసిన కార్డు చూపించినప్పుడు, దాని మీది అక్షరాలు ఇంటి ప్రింటర్‌లోంచి వచ్చాయని తెలియగానే, “ఓ, ప్రింట్ తీశారా?” అంటారు. కత్తిరించి, మడిచి, రంగులు వేసి, అంటించిన పనంతా ఆ ఒక్క మాటతో లెక్కలోకి రాకుండా పోతుంది. ఆ వెంటనే ఒక సలహా కూడా వస్తుంది: “నిజంగా చేత్తో చేయాలని ఉంటే మంచి కార్డ్‌స్టాక్ కొనండి, స్టాంపుల సెట్టు కొనండి, ఒక కటింగ్ మెషీన్ కొనుక్కోండి.”

ఈ రెండు మాటలూ ఒకే అభిప్రాయంలోంచి పుట్టాయి. ఇంట్లో ఉన్న యంత్రాన్ని వాడితే అది చేతిపని కాదట. ఇంట్లో లేని సామాను కొని తెస్తే మాత్రం అవుతుందట. మంచి మనసుతో చెప్పేవాళ్లే ఎక్కువమంది, అందులో నాకు సందేహం లేదు. కానీ ఈ అభిప్రాయం తప్పు. దీనివల్ల చేతిపనికి ఏ మేలూ జరగడం లేదు. పెట్టెల్లో సామాను పాడవుతోంది, చేయాలనుకున్నవాళ్లు వెనక్కి తగ్గుతున్నారు, కార్డు మీంచి మన భాష వెళ్లిపోతోంది.

ముందు ఈ వాదన తన లెక్కకే నిలుస్తుందేమో చూద్దాం. చేతిపని అని అందరూ ఒప్పుకునే కార్డునే తీసుకోండి. అడుగున మందపాటి కాగితం. దాని మీద పూల డిజైన్ ఉన్న ప్యాటర్న్ పేపర్. నడుమ డై అనే కోత అచ్చుతో కోసిన చట్రం, ఆ చట్రంలో స్టాంపుతో వేసిన ‘హ్యాపీ బర్త్‌డే’, మూలల్లో నాలుగు ముత్యాలు. ఇందులో ఆ ప్యాటర్న్ పేపర్ ఎక్కడిది? ఏదో ప్రెస్సులో ఆఫ్‌సెట్ యంత్రం మీద వేల ప్రతులు అచ్చయి వచ్చినదే కదా. ఆ పూలు గీసింది కార్డు చేసినవాళ్లు కాదు, ఆ రంగులు కలిపిందీ వాళ్లు కాదు. ఇక స్టాంపు. ఎవరో గీసిన బొమ్మను రబ్బరులో పోత పోసి అమ్మితే, దానికి సిరా అద్ది కాగితం మీద నొక్కుతాం. అది అచ్చు వేయడం కాక మరేమిటి? డైని రెండు రోలర్ల మధ్య నలిపి కోసే యంత్రం కూడా యంత్రమే. క్రికట్ లాంటి కటింగ్ మెషీన్లయితే కంప్యూటరో ఫోనో లేకుండా కదలవు. వాటితో కోసిన కార్డును చేతిపని కాదని ఎవరూ పక్కన పెట్టగా నేను చూడలేదు.

అంటే వీళ్లకు యంత్రం మీద అభ్యంతరం లేదు, అచ్చు మీదా లేదు. సుల్తాన్‌పేటలోనో అవెన్యూ రోడ్డులోనో కొన్న కాగితం మీది అచ్చును ‘మెటీరియల్’ అంటున్నారు, మన బల్ల మీద మనమే రంగు ఎంచి, సైజు కుదిర్చి వేసుకున్న అచ్చును మోసం అంటున్నారు. ఈ రెండింటిలో చేసినవాళ్ల ఆలోచన ఎక్కువగా ఉన్నది రెండోదానిలోనే. మిక్సీలో ఆవపిండి పట్టి కలిపినంత మాత్రాన ఆవకాయ ఇంట్లో పెట్టింది కాకుండా పోతుందా? దుకాణంవాళ్లను నేను తప్పుపట్టను. కాగితం అమ్ముకోవడం వాళ్ల బతుకుతెరువు, ఆ వీధుల్లో నాకు ఎంతో ఇష్టమైన కాగితాలు దొరికాయి. నేను తప్పుపట్టేది కొనడాన్ని కళగా, చేయడాన్ని అడ్డదారిగా చూసే అలవాటును.

చరిత్ర కూడా ఈ అభిప్రాయం వైపు లేదు. వ్యాపారంగా అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండన్‌లో వచ్చింది. హెన్రీ కోల్ అనే ఆయన తన మిత్రుడు, చిత్రకారుడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ చేత బొమ్మ గీయించి, రాతి అచ్చు మీద నల్ల గీతలు వేయించి, ఆ పైన చేత్తో రంగులు నింపించాడు. ఒక్కోటి ఒక షిల్లింగుకు అమ్మారు. గీత అచ్చుది, రంగు చేతిది. ఇవాళ ఒక అమ్మాయి ఇంట్లో బొమ్మ గీతలను ప్రింట్ తీసుకుని, అరిగిపోయిన స్కెచ్ పెన్నులతో రంగులు నింపితే చేస్తున్నది అదే పని. గ్రీటింగ్ కార్డు పుట్టుకలోనే ఉన్న పద్ధతిని గ్రీటింగ్ కార్డుకు తగదని ఎలా అంటాం?

అంత దూరం పోనక్కర్లేదు. చిత్రకారుడు రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి దేవతల బొమ్మలు అచ్చయి దేశమంతా ఇళ్లలోకి చేరాయి. ఆ అచ్చు బొమ్మలను చాలామంది ఉన్నవున్నట్టు గోడకు తగిలించలేదు. లక్ష్మీదేవి చీరకు నిజం బట్ట ముక్క అంటించారు, అంచుకు జరీ కుట్టారు, నగల మీద చమ్కీలు, పూసలు అతికించారు. అలా ముస్తాబు చేసిన రవివర్మ బొమ్మలను ఇప్పుడు సేకర్తలు ప్రత్యేకంగా వెతికి భద్రపరుస్తున్నారు. ఆ చిత్రకారుడి పేరు మీద పనిచేస్తున్న రాజా రవివర్మ హెరిటేజ్ ఫౌండేషన్ ఉన్నది కూడా ఈ బెంగళూరులోనే. ఆ బొమ్మల మీద చమ్కీలు అతికించిన చేతులది చేతిపని కాదని ఎవరైనా అనగలరా?

మన పెడన సంగతి చూడండి. కృష్ణా జిల్లాలోని ఆ ఊళ్లో కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద టేకు చెక్క అచ్చులతో రంగుకో అచ్చు చొప్పున అద్దుతారు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. రెండూ కలంకారీలే, రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అచ్చుతో వేస్తున్నారు కాబట్టి పెడనవాళ్లది చేతిపని కాదని అన్నవాళ్లను నేనెరగను. ఇక బాపు బొమ్మల శుభలేఖలు మన ఇళ్లకు వచ్చింది అచ్చులోనే. ఆ సీతారాముల కళ్లలో, పూలజడ వంపులో ఆయన చేయి కనిపించదా మనకు?

ఈ వాదనలో నేను మరీ గర్వంగా తలుచుకునే పేరు ఇంకొకటి ఉంది. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో స్టాన్లీ విలియం హేటర్ నడిపిన ప్రింట్‌మేకింగ్ స్టూడియో అటెలియే 17లో చేరారు. ఒకే రేకు మీద చిక్కదనం తేడా ఉన్న సిరాలను గట్టి రోలరుతో ఒకటి, మెత్తని రోలరుతో ఒకటి పరిచి, ఒక్కసారి నొక్కితే అన్ని రంగులూ పడేలా చేసే పద్ధతిని అక్కడ తోటివారితో కలిసి తీర్చిదిద్దారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశారు. ప్రపంచంలో ఎక్కడ ప్రింట్‌మేకింగ్ నేర్పినా ఈ తెలుగువాడి పద్ధతి ప్రస్తావనకు వస్తుంది. ఆయన జీవితమంతా అచ్చు వేశారు. ఇంటి ప్రింటరూ ఆయన ప్రెస్సూ ఒకటేనని నేను అనడం లేదు, వాటి మధ్య చాలా దూరం ఉంది. కానీ ‘అచ్చు’ అనే మాట వినగానే కళ కాదనే తీర్పు ఇచ్చేవాళ్లు ఆయనను కూడా కాదనాలి. ప్రతి జనవరిలో కుమారకృప రోడ్డు మీద చిత్రకళా పరిషత్తు జరిపే చిత్రసంతెకు వెళ్లినప్పుడు, అచ్చు వేసిన చిత్రాల ముందు కూడా ఒకసారి ఆగి చూస్తే ఈ సందేహం తీరుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ అభిప్రాయం మీద నాకు ఇంత పట్టింపు ఉండటానికి కారణం తెలుగు. క్రాఫ్ట్ సామాన్ల దుకాణంలో స్టాంపుల అర చూడండి, స్టిక్కర్లు చూడండి, అక్షరాల డైలు చూడండి. హ్యాపీ బర్త్‌డే, థాంక్యూ, కంగ్రాచ్యులేషన్స్. నేను చూసినంతవరకు దాదాపు అన్నీ ఇంగ్లీషే. ‘జన్మదిన శుభాకాంక్షలు’ అనో ‘అమ్మమ్మకు ప్రేమతో’ అనో ఉన్న స్టాంపు నాకింతవరకు షాపులో దొరకలేదు. అలాంటప్పుడు ప్రింట్ తీయకూడదు, కొన్న సామానుతోనే చేయాలి అనే నియమం ఆచరణలో ఎక్కడికి తీసుకెళ్తుంది? కార్డు ఇంగ్లీషులోనే ఉండాలి అనే దగ్గరికి. ఎవరూ అలా అనుకుని పెట్టిన నియమం కాదు, కానీ జరుగుతున్నది అదే.

“చేత్తో తెలుగు రాయొచ్చు కదా” అంటారు. రాయగలిగినవాళ్లు తప్పక రాయాలి. బెంగళూరులో పెరుగుతున్న తెలుగు పిల్లల సంగతి ఆలోచించండి. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు. బడిలో నేర్చుకునేది ఇంగ్లీషు, కన్నడం, హిందీ. తెలుగు చదవడం, రాయడం చాలామందికి రాదు. వాళ్ల అమ్మమ్మో నానమ్మో హిందూపురంలో, అనంతపురంలో, మదనపల్లెలో ఉంటుంది. ఆమెకు తెలుగు తప్ప మరో లిపి రాదు. మనవడు రాత్రంతా కూర్చుని చేసిన కార్డు మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటే, ఆమె దాన్ని పక్కింటివాళ్ల చేత చదివించుకోవాలి. తన పేరు మీద వచ్చిన కార్డు తాను చదువుకోలేని పరిస్థితి ఆమెకు ఎందుకు రావాలి?

ప్రింటర్ ఇక్కడ అక్కరకొస్తుంది. పిల్లవాడికి లిపి రాకపోయినా ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేస్తే ‘అమ్మమ్మ’ అని తెలుగులో వస్తుంది. అందమైన తెలుగు ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా ఉన్నాయి. రామభద్ర, మండలి, ధూర్జటి, సురవరం, గిడుగు, గురజాడ, ఎన్టీఆర్ అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. మందంగా ఉండే రామభద్ర శీర్షికకు నప్పుతుంది, లోపలి వాక్యాలకు మండలి చదవడానికి హాయిగా ఉంటుంది. ఒక్క జాగ్రత్త: కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఒత్తులు విడిపోయి పక్కకు పడతాయి. మామూలు వర్డ్ ప్రాసెసర్‌లో టైపు చేసి, పీడీఎఫ్‌గా మార్చి, ఒకసారి కళ్లతో చూసుకున్నాకే కాగితం పెట్టాలి. తప్పు ఒత్తుతో అమ్మమ్మకు కార్డు పంపకూడదు.

ఇంకొక పని చేయొచ్చు, నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఆ అక్షరాలను పెద్ద సైజులో, లేత బూడిద రంగులో ప్రింట్ తీసి పిల్లల ముందు పెట్టండి. వాళ్లు దాని మీద స్కెచ్ పెన్నుతో దిద్దుతారు. తలకట్టు ఎక్కడ మొదలవుతుందో, ‘మ’ కింద ఒత్తు ఎలా కూర్చుంటుందో పెన్ను కదులుతుండగా చేతికి తెలుస్తుంది. పలక మీద అక్షరాలు దిద్దించినట్టే ఇది. రెండు మూడు కార్డులయ్యాక ఆ పిల్లలు ‘అమ్మమ్మ’ అని చూడకుండా రాయగలుగుతారు. చేతిరాతను మింగేస్తుందని మనం భయపడే యంత్రం ఇక్కడ చేతిరాత నేర్పుతోంది. అలా దిద్దిన కార్డును కూడా ప్రింటవుట్ అని పోటీలోంచి తీసేస్తే, నష్టపోయేది ఆ పిల్లవాడు ఒక్కడే కాదు.

ఇక సామాను సంగతి. కార్డులు చేసే అలవాటున్న ఏ ఇంట్లోనైనా ఒక పెట్టె ఉంటుంది. అందులో అయిదారు షీట్లు మాత్రమే వాడిన ప్యాటర్న్ పేపర్ ప్యాడ్, సగం అయిన క్విల్లింగ్ స్ట్రిప్పులు, ఎవరికీ నచ్చని రంగులో మిగిలిన చార్ట్ పేపర్, బాగున్నాయని దాచిన శుభలేఖల కవర్లు. ‘మంచి సందర్భం వచ్చినప్పుడు వాడదాం’ అని దాచినవి. కాగితం సామాను మన కోసం ఆగదు. స్టాంప్ ప్యాడ్ ఎండిపోతుంది. ఫోమ్ టేప్ పొడిపొడిగా రాలుతుంది. డబుల్ సైడ్ టేప్ పసుపుబారి పట్టు వదులుతుంది. గ్లిట్టర్ గ్లూ మూతి దగ్గరే గడ్డకడుతుంది. ప్రింటర్‌లోని సిరాకు కూడా అదే గతి: వారాల తరబడి వాడకపోతే హెడ్‌లోని సన్నని రంధ్రాల్లో ఎండి మూసుకుపోతుంది, దాన్ని శుభ్రం చేయడానికి ప్రింటర్ మళ్లీ సిరానే ఖర్చుపెడుతుంది. అప్పుడప్పుడూ ఒక రంగుల కార్డు వేయడం యంత్రానికి కూడా మంచిదే.

మిగులు కాగితం ఎందుకు మిగిలిపోతుంది? ముక్కలు ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి. ముదురు ఎరుపు ముక్క ఒకటి, లేత ఆకుపచ్చది ఒకటి, వాటిని కలిపే మూడో కాగితం లేదు. దాని కోసం దుకాణానికి వెళ్తే మరో ప్యాడ్ కొంటాం, అందులో మళ్లీ మిగులుతుంది. ఆ మూడో కాగితాన్ని మీరే అచ్చు వేసుకోవచ్చు. ఉన్న ముక్కల రంగు చూసి, ఆ రంగు చుక్కలో గీతలో ఉన్న పేజీ ఒకటి ప్రింట్ తీస్తే పెట్టెలోని అనాథ ముక్కలన్నీ ఒక చోట కూర్చుంటాయి.

ఒక ఉగాది కార్డు ఎలా చేయొచ్చో చెబుతాను. ప్రాజెక్టు పని నుంచి మిగిలిన మీగడ రంగు ఏ4 కాగితం, 160 జీఎస్‌ఎం. సగానికి మడిస్తే 148×210 మిల్లీమీటర్ల కార్డు. ముందు పేజీకి పైన మామిడాకుల తోరణం గీతలు, కింద బోలు అక్షరాలతో ‘ఉగాది శుభాకాంక్షలు’ ప్రింట్ తీయాలి. మడత వచ్చే చోట స్టీలు స్కేలు ఆనించి, సిరా అయిపోయిన రీఫిల్‌తో ఒక గీత నొక్కితే మడత పగలకుండా వస్తుంది. ఆకులకు పిల్లలు రంగులు వేస్తారు. బోలు అక్షరాల్లో, పంచింగ్ చేసినప్పుడు రాలిన రంగు కాగితపు చుక్కలు ఒక్కొక్కటే అంటించాలి. పాత శుభలేఖ కవరు లోపలి బంగారు రంగు కాగితం నుంచి సన్నని పట్టీ కోసి కింది అంచుకు. అంతే. కొన్నది ఏమీ లేదు. ఇందులో చేయి పడని అంగుళం చూపించండి.

పని చేసేవాళ్లకు కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. ఇంక్‌జెట్‌లో తెల్ల సిరా ఉండదు, అందుకని ముదురు కాగితం మీద అక్షరాలు కనిపించవు. పసుపు కాగితం మీద నీలం ఆకుపచ్చగా తేలుతుంది. కాగితాన్ని వెనక నుంచి తిన్నగా తీసుకునే ప్రింటర్లు మందపాటి అట్టను భరిస్తాయి. ముందు ట్రేలోంచి తీసుకుని లోపల వంచి తిప్పేవి భరించలేవు, వాటిలో పలుచటి కాగితం మీద వేసి అట్టకు అంటించుకోవాలి. చేతితో తయారైన కాగితం చాలావరకు బనియన్ల మిల్లుల్లో మిగిలిన నూలు పీలికల నుంచి వస్తుంది, దాని పీచు సిరాను పీల్చి అక్షరం అంచులు పాకిస్తుంది. దాన్ని ప్రింటర్‌లో పెట్టకుండా అడుగు పొరగా వాడుకోవడం మేలు. శుభలేఖల విషయంలో ఒక మాట. దేవుడి బొమ్మ మీద కత్తెర వేయడానికి మన చేతులు ఒప్పుకోవు, ఒప్పుకోనక్కర్లేదు. ఆ పేజీని అలాగే ఉంచి, వెనక ఖాళీ అట్టనూ కవరునూ వాడుకోండి.

ప్రత్యర్థుల వాదనలో బలమైనది ఒకటుంది, దాన్ని దాటవేయను. ఎవరో చేసిన పూర్తి కార్డును డౌన్‌లోడ్ చేసి, ప్రింట్ తీసి, మడిచి ఇస్తే అందులో ఇచ్చినవాళ్లది ఏముంది? నిజమే, పెద్దగా ఏమీ లేదు. అది అచ్చు కార్డే, దాన్ని చేతిపని అనమని నేను అడగను. వేరే కళాకారుల బొమ్మను అడగకుండా తీసుకోవడం తప్పు కూడా. కానీ అక్కడ లోపం ప్రింటర్‌ది కాదు. కొన్న కిట్‌లోని ముక్కలను బాక్సు మీది ఫొటో చూసి అంటించిన కార్డులో కూడా అదే లోపం ఉంది, దాన్ని మాత్రం పోటీలో ఎవరూ అడగరు. గీత గీయాల్సింది ఇక్కడ: మాట ఎవరిది, రంగు ఎవరు ఎంచారు, ఏ ముక్క ఎక్కడ పెట్టాలని ఎవరు తేల్చారు, ఎవరి కోసం చేశారు. లోపలి నాలుగు వాక్యాలు మాత్రం చేత్తోనే రాయాలని నేను గట్టిగా నమ్ముతాను. వంకరగా ఉన్నా సరే. పైన అక్షరాలు ఎంత అందంగా అచ్చయినా, అందుకున్నవాళ్లు వేలితో తడిమేది ఆ లోపలి రాతనే.

“ఈ కాగితాల గొడవ ఎందుకు, వాట్సాప్‌లో పంపితే చెట్లు మిగులుతాయి” అనేవాళ్లకు క్లుప్తంగా చెబుతాను. కొత్త కాగితం కొనడం గురించి అయితే వాళ్ల మాట వినదగ్గదే. నేను మాట్లాడుతున్నది ఇప్పటికే ఇంట్లో ఉన్న కాగితం గురించి. గ్లిట్టర్, బంగారు రేకు, ప్లాస్టిక్ పొర ఉన్న కాగితాన్ని పొడి చెత్తలో వేసినా మళ్లీ కాగితంగా మార్చడం కష్టం. పారేసే బదులు ఒక కార్డు మీదికి ఎక్కిస్తే ఎవరింట్లోనో ఏళ్ల తరబడి అద్దం వెనక ఉంటుంది.

ఈసారి పండగకు నెల ముందు ఆ పెట్టె తీసి బల్ల మీద బోర్లించండి. ఎండిన టేపులు పారేసి, పనికొచ్చేవి రంగులవారీగా విడదీయండి. అవి అయిపోయేదాకా కొత్త కాగితం కొనకండి. ప్రింటర్ లేకపోతే పక్క వీధి జిరాక్స్ షాపులో ఒక పేజీ తీయించుకోండి. మీ ఇంట్లో తెలుగు రాయడం రాని పిల్లలుంటే వాళ్ల అమ్మమ్మ పేరును బూడిద రంగులో అచ్చు వేసి వాళ్ల చేతికి పెన్ను ఇవ్వండి. ఎవరైనా “ప్రింట్ తీశారా?” అని అడిగితే “అవునండీ, మా ఇంట్లోనే తీశాం” అని నిస్సంకోచంగా చెప్పండి.